కందర్పరాయుడు గారికి మా ఆవకాయ

నేను ఇంతవరకూ ఏమీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితో బడి మానేశాను. పచారీ కొట్టు చీటీ, ఊరగాయ జాడీల మీద అంటించే కాగితం ముక్కలు, అంతే నా రాత. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అందుకని చెప్పలేకపోయిందంతా ఇలా రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి. మా అత్తారింటివాళ్ళ సంగతి మాత్రం దిద్దకండి, అది ఉన్నదున్నట్టే రాశాను.

మా అత్తారింట్లో అందరూ మహా తెలివైనవాళ్ళు. నేను అనడం కాదు, వాళ్ళే అంటారు. మా మామయ్యగారు జోగయ్య గారు పొద్దున్నే అరుగు మీద కూచుని, ఈ ఊళ్ళో బుర్రలున్న కొంప మనదొక్కటే అని ఒకసారి అనుకుంటే గానీ కాఫీ ముట్టరు.

కిందటేడు గ్యాసు బండ తెచ్చే అతను ఫోను చేసి, రేపు ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి అన్నాడు. ఆ రోజు నేను మా పుట్టింట్లో ఉన్నాను. ఇంకేముంది, ఆ ఒకరు ఎవరో అతను చెప్పలేదు కదా అని మామయ్యగారూ, అత్తయ్యగారు మాణిక్యమ్మ గారూ, బావగారు తాతారావు గారూ, మా ఆయనా పనులు మానేసి కూచున్నారు. తీరా అతను వచ్చేసరికి, ఒకరే ఉండాలన్నాడు కదా అని ముగ్గురు మంచం కింద దూరారు. మిగిలిన ఒకరు మా అత్తయ్యగారు. ఆవిడ తలుపు తియ్యలేదు. ఉండమన్నాడు గానీ తియ్యమన్నాడా అని అడిగారు తర్వాత. బండ వెనక్కి పోయింది. పది రోజులు కట్టెల పొయ్యి ఊదింది ఎవరనుకున్నారు?

ఇంక ఆ రాజుగారి సంగతి. మా అటక మీద సొట్టలు పడ్డ ఇత్తడి తమ్మపడిగ ఒకటి ఉంది. పూర్వం కందర్పరాయుడనే రాజుగారు తాంబూలం నమిలి అందులో ఉమ్మేవారట. పరాయివాళ్ళ ఇంటి గిన్నెలో ఎవరైనా ఉమ్ముతారా, కాబట్టి ఆయన మనకి ముత్తాతే అని మామయ్యగారు తేల్చేశారు. ఇంట్లో దానికి ఎదురు లేదు.

ఈ వేసవిలో ఆ కందర్పరాయుడి జీవితాన్ని సినిమాగా తీశారు. పేపర్లో రోజూ దాని గొడవే. అయిదేళ్ళు తీశారట, నిజం కోట కట్టించారట, మూడు గంటల పైన ఆట అట. అది మా ఊరి హాలుకి వచ్చింది.

సరిగ్గా ఆ వారమే నా మామిడికాయలూ వచ్చాయి. మా అమ్మ నాటిన కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టు కాయలు. అమ్మ పోయింది. ఆ దొడ్డి అన్నయ్య అమ్మేశాడు. కొన్నవాళ్ళు వానలకి ముందే చెట్టు కొట్టేస్తారు. రెండు వందల కాయలు, అమ్మ చేతి చెట్టుకి ఆఖరి కాపు. గదిలో గడ్డి పరిచి పోశాను. ఆవకాయకి కాయ రాయిలా ఉండాలి, పళ్ళు జివ్వుమనేంత పులుపుండాలి. నాలుగు రోజులు దాటితే మెత్తబడుతుంది, ఆ పైన ఎందుకూ పనికిరాదు. ఇవాళ మ్యాట్నీకి వెళ్ళొద్దాం, రేపు కలుపుదాం అన్నారు అత్తయ్యగారు. సరే అన్నాను. నా బతుకంతా సరే అనడమే.

రాజుగారి దగ్గరికి వట్టి చేతుల్తో వెళ్ళకూడదని నా కాయల్లోంచి నాలుగు పట్టుకున్నారు. హాల్లో రాజుగారు తెర మీదికి రాగానే మామయ్యగారు లేచి నిలబడి మమ్మల్నీ లేపారు. వెనకవాళ్ళు కూచోమని కేకలు. రాజుగారు నిలబడి ఉండగా మేం కూచోవడమేమిటని ఆయన. రాజుగారు సింహాసనం మీద కూచున్నారు, మేమూ కూచున్నాం. ఆయన లేచారు, మేమూ లేచాం. ఆయన గుర్రం ఎక్కితే మా బావగారు కుర్చీ ఎక్కారు. సిగ్గుతో నేను చెంగు ముఖం మీదికి లాక్కున్నాను.

మిగతా జనం మాత్రం తక్కువ తిన్నారా? మా ముందు వరసలో రైసుమిల్లు పెద్దమనిషి ఇంటర్వెల్ దాకా గురక పెట్టి, లేచి, చరిత్ర కళ్ళకి కట్టాడండీ అన్నాడు. పక్కనున్న మాస్టారు, అది చరిత్రే కాదు, అసలు రాజు యుద్ధంలో పోయాడు అని సినిమా సాంతం సణుగుతూనే ఉన్నాడు, ఒక్క నిమిషం కూడా కళ్ళు తిప్పకుండా.

ఆఖర్న మంత్రి విషం కలిపిన పాలు తెచ్చాడు. నాయనా తాగకు, నేను చూశాను వాడు కలపడం, అని అత్తయ్యగారు అరిచారు. రాజుగారు తాగారు. దగ్గారు. పడిపోయారు. అంతే, అత్తయ్యగారు జుట్టు విరబోసుకుని శోకాలు మొదలెట్టారు. చూసిన ఆడవాళ్ళు, అబ్బ ఎంత లీనమైపోయిందో అని వాళ్ళూ ఏడ్చారు.

బయట ఒక కుర్రవాడు ఫోను పట్టుకుని, సినిమా ఎలా ఉందని అందరినీ అడుగుతున్నాడు. మామయ్యగారి ముఖం ముందు పెట్టాడు.

"పోయారు బాబూ. అయిదుంపావుకి."

"మీకెలా అనిపించిందండీ?"

"ఏమనిపిస్తుంది? ఇంటిపెద్ద పోయారు. తప్పుకో, వెళ్ళి స్నానాలు చెయ్యాలి."

తెల్లారేసరికి అది ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంది. ఇంత గొప్పగా సినిమాని మెచ్చుకున్నవాడు ఇంకొకడు లేడని మా మామయ్యగారికి పేరొచ్చింది. ఆ పేరు ఇచ్చినవాళ్ళని కూడా మా ఇంటికే దత్తత తీసుకోవచ్చు.

ఇంటికి రాగానే కట్టుబట్టలతో గుమ్మం బయటే నెత్తిన నీళ్ళు పోసుకున్నారు. పది రోజులు మైల అన్నారు మామయ్యగారు. మైలచేత్తో ఊరగాయ ముడితే బూజు పడుతుంది, కాబట్టి ఆవకాయ లేదు అన్నారు అత్తయ్యగారు. మా ఆయనతో మెల్లగా అన్నాను, అది సినిమా కదండీ, వేషం కట్టినవాడు కదా అని. మన కళ్ళతో మనం చూశాం కదే, అన్నాడు. నిజమే, చూశాం.

ఈలోగా బావగారికి ఒక తెలివి వచ్చింది. పోతే పోయారు, శవం ఏది? వెంటనే హాలుకి వెళ్ళి గేటు దగ్గర మనిషిని అడిగారు. అతను తలెత్తకుండానే, ఆయనకేం, ఆరున్నరకి మళ్ళీ వస్తాడు అన్నాడు. బావగారు పరుగున వచ్చి చెప్పారు. ఇంకేముంది, మైల పోయిందని బెల్లం పంచుకుని, ఆయన్ని కళ్ళారా చూద్దామని నలుగురూ ఫస్టు షోకి వెళ్ళారు. రాజుగారు నిజంగానే వచ్చారు. గుర్రం ఎక్కారు, పెళ్ళి చేసుకున్నారు, పాలు తాగారు, పోయారు. మళ్ళీ స్నానాలు.

మర్నాడు మామయ్యగారు తీరిగ్గా ఆలోచించారు. రోజుకి నాలుగు ఆటలు. అంటే రాజుగారు రోజుకి నాలుగుసార్లు పోతున్నారు. ఒక మైల తీరకుండానే ఇంకొకటి. వంద రోజులు ఆడుతుందని పోస్టరు మీద రాశారు కాబట్టి వంద రోజుల తర్వాతే ఊరగాయ మాట, అని తేల్చారు. అప్పటికి నా కాయల్లో టెంక మొలకెత్తి ఇంకో తోట అవుతుంది.

మూడో రోజు గదిలోకి వెళ్తే తీపి వాసన. ఒక కాయని బొటనవేలితో నొక్కాను. లోపలికి దిగింది. హాలుకి పట్టుకెళ్ళిన నాలుగుతో కలిపి యాభై కాయలు అప్పటికే పోయాయి. అమ్మ చెట్టు నా ముందే కుళ్ళిపోతున్నట్టు అనిపించింది. పెళ్ళయిన పాతికేళ్ళలో మొదటిసారి మామయ్యగారికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మామయ్యగారూ, ఆట మొదట్లో రాజుగారు చంటిపిల్లాడు. ఇంటర్వెల్ దాకా ఆయనకి ఏ ఢోకా లేదు. రేపు పొద్దుటాటలో ఆయన బతికుండగానే కలిపేసుకుందామండీ."

ఆయన కళ్ళు మూసి తెరిచి, అదే నేనూ అనుకుంటున్నాను అన్నారు.

నాలుగో రోజు. ముక్కలు కొట్టడం ఊరగాయ కలపడం కాదు కాబట్టి దానికి మైల లేదని తేలింది. పొద్దున్నే నూటయాభై కాయలూ కొట్టేశాం. పదకొండింటికి బావగారు హాల్లో కూచుని ఫోన్లో చెప్పడం మొదలెట్టారు. రాజుగారు పుట్టారు. ఆవపిండి పోశాం. రాజుగారు కత్తిసాము నేర్చుకుంటున్నారు. కారం, ఉప్పు. రాజుగారికి జ్వరం వచ్చింది అన్నారు. అంతే, నలుగురం చేతులు పైకెత్తేసి నిలబడ్డాం. రాజవైద్యుడు వచ్చి తగ్గించేదాకా అలాగే ఉన్నాం. ఆ జ్వరం మూలాన ఆలస్యమైపోయింది. ఇంటర్వెల్ అయింది, ఇంకా నూనె పొయ్యనే లేదు. మామయ్యగారు ఫోన్లో ఒకటే మాట చెప్పారు, ఒరేయ్ తాతారావూ, నూనె పోసేదాకా పాలు తాగనివ్వకు అని.

బావగారు మాట జవదాటరు. పాల గ్లాసు కనిపించగానే తెర ముందుకి వెళ్ళి చేతులు బార్లా చాపి నిలబడ్డారట. నలుగురు పట్టుకుని బయటికి గెంటారు. ఫోను కూడా కట్టయింది.

ఇక్కడ మాకు కబురు లేదు. రాజుగారు ఉన్నారో పోయారో తెలీదు. అప్పుడు అత్తయ్యగారికి గుర్తొచ్చింది, చావు కబురు చెవిన పడేదాకా మైల అంటదు కదా అని. ఇంతలో వీధి మలుపులో బావగారు ఆయాసపడుతూ పరుగెత్తుకొస్తున్నారు, నోరు తెరుచుకుని. ఆ నోట్లోంచి ఏ కబురు వస్తుందో అని ముగ్గురూ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకున్నారు. కారం చేతులు. ఇంకేముంది, ఒకరు నూతి దగ్గరికి, ఒకరు కుళాయి దగ్గరికి, మా ఆయన కుడితి తొట్టి దగ్గరికి. నేను నూనె డబ్బా వంచేసి, రెండు చేతులతో అడుగునుంచి కలిపి, జాడీకి ఎత్తేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టేశాను.

గెంటేశారు గనక ఆయన పోవడం నేను చూళ్ళేదు అన్నారు బావగారు. కాబట్టి రాజుగారు బతికే ఉన్నట్టు లెక్క. ఇంట్లో పండగ. అక్కడితో ఆగితే నేను ఇది రాసేదాన్నే కాదు.

ఇంటిపెద్ద బతికుండగా ఆయన నోట పడకుండా కొత్త ఆవకాయ మనం తింటామా అన్నారు మామయ్యగారు. ఒక చిన్న జాడీలోకి ఆవకాయ, ఒక గిన్నెలో వేడన్నం, గరిటెడు నెయ్యి. ఫస్టు షోకి వెళ్ళాం. బావగారిని గుర్తుపట్టకుండా తలకి తుండు చుట్టారు. ఆఖరి ఘట్టంలో రాజుగారి ముఖం తెర నిండా వచ్చింది. అత్తయ్యగారు ముద్ద కలుపుకుని గబగబా మెట్లెక్కి, ఆ పాల గ్లాసు కన్నా ముందే, తెల్లటి తెర మీద ఆయన నోట్లో పెట్టేశారు. మెతుకులు జారాయి, ఎర్రటి నూనె గడ్డం మీదుగా కిందికి కారింది.

రాజుగారు దగ్గారు. గొంతు పట్టుకున్నారు. కళ్ళు తేలేశారు. పోయారు.

అత్తయ్యగారు తెర ముందే వెనక్కి తిరిగి, అంతమందిలో నన్ను వేలెత్తి చూపించారు.

"ఇదిగో, ఇది కలిపిన కారమే ఆయన ప్రాణం తీసింది."

ఇంక ఆ ఆవకాయ మా ఇంట్లో ఎవరూ ముట్టకూడదని తీర్మానం అయింది. ముత్తాతని చంపిన జాడీ కదా. నేను సరే అన్నాను.

మర్నాడు పొద్దున్నే లేచాను. ఇంకా ఎవరూ లేవలేదు. వాసెన విప్పాను. చద్దన్నంలో రెండు ముక్కలు, కాస్త ఊట వేసి కలుపుకుని, పెరటి గుమ్మంలో కూచుని తిన్నాను.

కారం సరిగ్గానే ఉంది.