తొమ్మిదులు కాని గేదెలు

దేవుడు ఊరంతా తెలివి పంచుకుంటూ వచ్చి, చివరికి తట్ట తమ ఇంట్లోనే బోర్లించి పోయాడని ఊటుకూరి అన్నదమ్ములు ఆరుగురికీ గట్టి నమ్మకం. తట్ట బోర్లించిన మాట నిజమేగాని, అప్పటికే అది ఖాళీ అయిపోయిందని ఊళ్ళోవాళ్ళు అనేవారు.

వాళ్ళకున్న ఆస్తల్లా ఆరు పాడిగేదెలు. ఆ పాలే తల్లి మాలకొండమ్మకీ ఆరుగురు కొడుకులకీ అన్నం పెట్టేవి. ఒకనాడు మజ్జిగ కోసం వాళ్ళ అరుగు మీద ఆగిన లెక్కల మేష్టారు, లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు అని ఒక వింత సంఖ్య ఉందని చెప్పాడు. దాన్ని రెండింతలు చేసినా, మూడింతలు చేసినా, ఆరింతల దాకా ఎన్ని చేసినా మళ్ళీ ఆ ఆరు అంకెలే వస్తాయట. ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ పోతాయేగాని ఒక్కటీ తప్పిపోదట. ఏడింతల సంగతి చెప్పబోతే, మాకు అర్థమైపోయిందిలెండి అంటూ పెద్దవాడు సింగరయ్య ఆయన చేతిలో చెంబు లాక్కున్నాడు.

అంకెలు ఆరు, గేదెలు ఆరు. ఇంకేముంది, సున్నం కలిపి గేదెకొక అంకె చొప్పున డొక్కల మీద 1, 4, 2, 8, 5, 7 అని రాశారు. తప్పిపోని గేదెలకి కాపరి దండగని అతన్ని మాన్పించారు.

సాయంత్రానికి గేదెలు వాటంతటవే ఇల్లు చేరాయి. వచ్చిన వరస చూస్తే 2, 8, 5, 7, 1, 4. చిన్నవాడు బొగ్గుతో గోడ మీద గుణించి, మన మంద రెండింతలైందన్నాడు. అంతే. గేదెకి రెండేసి పలుపులు కట్టారు. రెట్టింపు ఇళ్ళకి పాలు పోస్తామని ఒప్పుకున్నారు.

"ఆరే కదరా ఉన్నాయి," అంది మాలకొండమ్మ.

"నువ్వు గేదెల్ని చూస్తున్నావమ్మా. మేము లెక్కని చూస్తున్నాం," అన్నాడు సింగరయ్య. బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఇలాగే మాట్లాడతారని విని ఉంది గనక ఆమె ఊరుకుంది.

ఎంత దూరం పోతే అన్ని ఇంతలవుతాయని, మర్నాడు వాటిని పొలిమేర దాటించి వచ్చారు. అవి కాస్తా ఎవరిదో వేరుశెనగ చేను మేసి బందెలదొడ్డిలో పడ్డాయి. విడిపించుకోకపోతే వేలం వేస్తామని కబురొచ్చింది. తిరిగొచ్చేవాటిని మనం వెళ్ళి తెస్తే లెక్క తప్పుతుందని సింగరయ్య అరుగు దిగలేదు. దీపాల వేళైనా ఒక్క గేదె కూడా రాలేదు. అప్పుడు గుండె జారి, ఆరుగురూ మేష్టారింటికి పరిగెత్తి, అంకెలు తిరిగి రాలేదేమని నిలదీశారు.

గేదెల సంగతి ఆయనకేం తెలుసు? "ఏడింతలు చేసుంటారు. అప్పుడు ఆరూ తొమ్మిదులైపోతాయి. పాతది ఒక్కటీ మిగలదు," అన్నాడు. వాళ్ళ ప్రాణం కుదుటపడింది.

ఈలోగా మాలకొండమ్మ చెవికమ్మలు తీసిచ్చి, గేదెల్ని విడిపించి వాకిట్లోకి తోలుకొచ్చింది. ఆమెకి ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. సింగరయ్య లాంతరు ఎత్తి డొక్కలు ఒక్కొక్కటే చూశాడు. ఒక్కదాని మీదా తొమ్మిది లేదు.

"ఎవరి గొడ్లమ్మా ఇవి? మన పరువు తియ్యడానికా?" అన్నాడు.

తల్లి అడ్డం పడి మొత్తుకుంటున్నా వినకుండా, ఆరుగురూ కర్రలు పట్టుకుని వాటిని అడివిలోకి తరిమి వచ్చారు. తర్వాత ఆమెని ఓదార్చి, తొమ్మిదులొస్తాయి, తలుపు వెయ్యకని చెప్పి, గేదెకి ఏడేసి చొప్పున పలుపులు పేనుతూ కూర్చున్నారు.