గిన్నె లేకుండా వచ్చిన రాజుగారు

కాళ్ళు ముడుచుకోండర్రా, దుప్పటి అందరికీ రావాలి. ఊ కొట్టేవాళ్ళకే కథ, ముందే చెప్పేస్తున్నాను.

అనగనగా ఒక ఊరు. మన ఊరు కాదు, పక్క ఊరూ కాదు. మీ మంగతాయారు పిన్ని వంటపనికి వెళ్ళొచ్చిన లెబనాన్ దేశం లేదూ, అక్కడ కొండమీద ఊరు. ఆ ఊళ్ళో ఒక రొట్టెల కొట్టు. అత్త వార్దా, కొడుకు తనూస్, కోడలు నజ్లా, ముగ్గురే నడుపుకునేవారు. అత్త పిండి పిసికేది, కోడలు రొట్టె వత్తేది, కొడుకు పొయ్యిలో కాల్చేవాడు. పొయ్యంటే మన పొయ్యి కాదు, రాతితో కట్టిన గుహలా ఉంటుందంట.

ఆ ఊరి పద్ధతేంటంటే, పొద్దున్నే ఎవరింటి గిన్నె వాళ్ళు పట్టుకొస్తారు. గిన్నెలో ఏముంటుంది? మన వాములా ఘాటుగా ఉండే ఆకు ఎండబెట్టి దంచి, వేయించిన నువ్వులూ, పుల్లటి ఎర్రపొడీ కలిపి, ఆలివు నూనెలో తడిపి తెస్తారు. అది రొట్టె మీద పూసి కాలుస్తారు. మనం ఇడ్లీలోకి కారప్పొడి కొట్టుకోమూ, అలాగ. ఒకరింట్లో నువ్వులెక్కువ, ఒకరింట్లో పులుపెక్కువ. అందుకే వార్దా ఎవరొచ్చినా ఒకటే మాట అనేదంట: పిండి మాది, పొయ్యి మాది, రుచి మీది. ఊ కొడుతున్నారా? ఏదీ, వినపళ్ళేదే.

ఒకరోజు రాజుగారి భటుడు అటు పోతుంటే, సలీమా అనే ముసలావిడ పిలిచి తన రొట్టె ఒకటి పెట్టింది. వాడు కాస్త తిని, మిగతాది రాజుగారికి పట్టుకెళ్ళాడు. రాజు తిన్నాడు, లొట్టలేశాడు. లొట్టలేసి, ఇంత మంచి రొట్టె ఊరందరూ తినడమేంటి, నేనొక్కణ్ణే తినాలన్నాడు. చూశారా బుద్ధి! ఆ కొట్లో పొయ్యి పడగొట్టి, ఆ ముగ్గుర్నీ కోటకి తెచ్చెయ్యండి అన్నాడు.

గునపాలతో వచ్చిన భటుల నోట ఆ మాట వినగానే వార్దా పొయ్యికి అడ్డంగా కూర్చుని ఏడ్చింది. ఆ పొయ్యి ఆవిడ మామగారు కట్టింది మరి. నజ్లా అత్తగారి కళ్ళు తుడిచి, భటులతో నెమ్మదిగా చెప్పింది. ముందు ఒక పూట కోటలో కాల్చి పెడతాం, రాజుగారికి నచ్చాకే పొయ్యి సంగతి చూద్దురు గాని అంది. గునపం పట్టాలంటే భటులకి మాత్రం బద్ధకం ఉండదూ? సరేనన్నారు.

కోటలో అదే పిండి పిసికారు, అలాగే మంట పెట్టారు, కోట వంటవాడు ఇచ్చిన పొడి పూశారు. రాజు ఒక ముక్క కొరికి మొహం మాడ్చుకున్నాడు. ఇది ఆ రొట్టె కాదు, మీరు నన్ను మోసం చేస్తున్నారన్నాడు.

మోసమేం లేదయ్యా, మీ భటుడికి రొట్టె పెట్టింది సలీమమ్మ, మీరు తిన్నది ఆవిడ గిన్నె అంది నజ్లా. పిండి మాది, పొయ్యి మాది, రుచి ఆవిడది. అయితే ఆవిణ్ణీ తెమ్మన్నాడు రాజు. నజ్లా ఊరుకుంటుందా? ఇవాళ ఆవిణ్ణి తెస్తారు, రేపు పక్కింటావిడ గిన్నె నచ్చుతుంది, ఆవిణ్ణీ తెస్తారు, ఎల్లుండి ఎదురింటావిణ్ణి తెస్తారు. ఊరంతా కోటలో కూర్చుంటే మేకల్ని కాసేదెవరు, పొలాలు దున్నేదెవరు? అంతకంటే మీరే ఒక పొద్దున మా కొట్టుకి రండి అంది. గొంతు పెంచలేదు, తల దించలేదు. కోడలంటే అలా ఉండాలి.

వచ్చాడు రాజు. కొట్టు ముందు వరస. ముందు మేకలు కాసేవాడు, వాడి వెనక మంత్రసాని, మంత్రసాని వెనక సలీమా, సలీమా వెనక రాజు. అందరి చేతుల్లో గిన్నెలు, రాజు చేతులు ఖాళీ. వార్దాకి ఆయన రాజని తెలుసు. తెలిసీ అందర్నీ అడిగినట్టే చెయ్యి చాపి, గిన్నె ఏది నాయనా అంది. రాజు ఖాళీ చేతులు చూపించాడు. మీ ఇంట్లో అమ్మ లేదా నాయనా అని అడిగింది వార్దా.

అమ్మ లేకేం, ఉంది. కోటలోనే ఉంది. ఆవిడ చేతి ముద్ద తిని ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. గిరుక్కున వెనక్కి తిరిగి కోటకి వెళ్ళిపోయాడు. ఇంకేముంది, పొయ్యి పడగొట్టించేస్తాడని ఊరంతా హడలిపోయింది. తనూస్ సామాన్లు సర్దడం మొదలెట్టాడు. నజ్లా మాత్రం రేపటికి పిండి తడిపింది.

తెల్లారింది. మేకలు కాసేవాడు, వాడి వెనక మంత్రసాని, మంత్రసాని వెనక సలీమా, సలీమా వెనక... ఎవరు? రాజే. చేతిలో గిన్నె, పక్కన వాళ్ళమ్మ. ఆకు ముసలి రాణిగారే దంచారంట, పనివాళ్ళని రోలు ముట్టుకోనివ్వలేదంట. వార్దా గిన్నె అందుకుని వాసన చూసి, నువ్వులు భలే వేయించావమ్మా అంది. ఎన్ని పొగడ్తలు విన్నారో గాని, ఆ మాటకి రాణిగారి మొహం వెలిగిపోయింది.

రొట్టె కాలింది. రాజు అందులో పుదీనా, కీరా ముక్కలు పెట్టి మడుచుకుని, అక్కడే నిలబడి తిన్నాడు. తింటూ, ఇది మా అమ్మ గిన్నె, మా అమ్మ గిన్నె అని మేకలవాడికి చూపించి మరీ చెప్పాడంట. ఈ పొయ్యి జోలికి ఎవరూ రాకూడదని భటులకి అక్కడే గట్టిగా చెప్పాడు. ఆ రోజునించీ, ఈ కొట్టు ఎవరిదని అడిగితే వార్దా తన పేరు చెప్పలేదు. మా నజ్లాది అనేది.

విన్నారుగా. ఒకళ్ళ చేతి రుచి లాక్కుంటే రాదు, మనింటి గిన్నెని మనం చిన్నచూపు చూడకూడదు. రేపు పొద్దున్న నా కారప్పొడికి ఎవరైనా వంక పెట్టారో, ఊరుకోను. కథ కంచికి బయల్దేరింది, మనం ఇంట్లోనే ఉన్నాం, ఇంక కళ్ళు ముయ్యండి.