మిగులు దారాల కార్డిగాను

కొండమీద చలి మొదలైందంటే ఆ అడవిలో అందరి నోటా ఒకటే మాట: ఈ ఏడు వెచ్చబండ ఎవరిది?

వెచ్చబండ అంటే రాతిగూడు. వెనకనుంచి గాలి దూరదు, ముందునుంచి పొద్దు వాలేదాకా ఎండ పడుతుంది. చోటు మాత్రం ఒక్కరికే. దానికోసం కొట్టుకోకుండా పెద్దలు ఏనాడో ఒక కట్టుబాటు పెట్టారు. తొలిమంచు పడిన ఉదయం అందరూ తమ తమ ఉన్నిబట్టలు వేసుకుని పచ్చికబయల్లో నిలబడాలి. ఎవరి బట్ట చూసి దున్నపోతు దాలినాయుడు తలూపితే, ఆ చలికాలమంతా వెచ్చబండ వాళ్లది.

ఏటా అది నక్క నరసాయమ్మకే దక్కేది. ఎందుకు దక్కదు? గొర్రెలు ముళ్లకంపలకి వదిలిపోయిన ఉన్నిని సాలీళ్లు వడికి ఉండలు చుట్టిపెట్టగానే, అందరికన్నా ముందు పరిగెత్తి మేలైనవి ఏరుకునేది తనే. ఈసారి తలకన్నా పెద్ద ఉండ దొరికింది. లావుపాటి ఎర్రదారం, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎక్కడా అతుకు లేదు. దాన్ని దొర్లించుకుంటూ తెచ్చి ముళ్లపంది ముత్యాలక్క ముందు పడేసింది. ముత్యాలక్క ఒంటి ముళ్లే సూదులుగా చేసుకుని అడవికంతటికీ అల్లిపెట్టే పనిమంతురాలు.

"అక్కా, మెడనుంచి తోకదాకా నిలువుకోటు. చూసినవాళ్ల కళ్లు చెదరాలి."

"చెదురుతాయిలే. ముందు నువ్వు కదలకుండా నిలబడు, కొలత తప్పుతోంది."

కోటు తయారైంది. నరసాయమ్మ దాన్ని తొడుక్కుని అటూ ఇటూ తిరుగుతుంటే కుందేలు కోటమ్మ వగరుస్తూ వచ్చింది. పిల్లలకి జలుబు చేసి ఇన్నాళ్లూ బొరియ వదిలి రాలేకపోయింది.

"ముత్యాలక్కా, నాకేమైనా మిగిలిందా?"

ముత్యాలక్క గంప వంచి చూపించింది. అడుగున సన్నసన్నటి దారపు ముక్కలు. పచ్చది ఇంత, పసుపుది అంత, ఎవరి టోపీలోనో మిగిలిన నీలం కాస్త.

నరసాయమ్మ ముసిముసిగా నవ్వింది. "ఎలకతోకలు ఏరుకోవడానికొచ్చావా మరదలా? వీటితో నీ చెవికొక తొడుగొస్తే గొప్పే."

"ఏదొస్తే అదే వేసుకుంటాను వదినా," అంది కోటమ్మ. కూర్చుని ముక్కలన్నిటినీ సాపు చేసి ఉండలు చుట్టడం మొదలుపెట్టింది.

అక్కడితో ఆ సంగతి నరసాయమ్మ మరిచిపోయేదే. కానీ కొన్నాళ్లకి వాగు దగ్గర కోటమ్మ ఎదురైంది. ఒంటిమీద ముత్యాలక్క అల్లిన కార్డిగాను! ముందువైపు తెరుచుకునేది, నల్లగా నిగనిగలాడే కుంకుడుగింజలు బొత్తాలుగా పెట్టినది. సన్నదారాలు రెండేసి పోగులు కలిపి అల్లడంవల్ల పచ్చా పసుపూ కలిసి చిలకరెక్కలా ఉంది, ఆ కింద నీలం, దాని కింద మళ్లీ పచ్చ. ఒంటికి అతుక్కున్నట్టుంది. గాలికున్నంత బరువైనా లేదు.

"ఎంత బాగుందే కోటమ్మా!" అంటోంది దుప్పి. "ఒకసారి తొడుక్కోనిస్తావా?" అంటోంది ముంగిస. నరసాయమ్మ ఎర్రకోటు వంక చూసినవాళ్లు లేరు.

నరసాయమ్మ గబగబా వాగు ఒడ్డుకి వెళ్లింది. వాగులో తన నీడ చూసుకుంది. నిన్నటిదాకా కోటు దర్జాగా ఉండేది. ఇవాళ కంబళి కప్పిన బస్తాలా కనిపించింది. 'నేను వద్దన్న తుక్కుతోనా ఇంత సోకు?' అనుకుంది. తను వద్దన్నది కాబట్టి అది తనదే అయినట్టు, కోటమ్మ దాన్ని కాజేసినట్టు అనిపించింది. ఆ పూట తిండి సహించలేదు.

మర్నాడు మెల్లగా ముత్యాలక్క దగ్గర చేరింది.

"అక్కా, నీ చేతిలో ఏం మహిమ ఉందోగాని! ఇంత అల్లిక ఊడిపోకుండా ఎలా నిలుస్తుందే?"

పొగడ్తకి ముత్యాలక్క ముళ్లన్నీ మెత్తబడ్డాయి. "మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి అల్లుకొస్తాను. ఆఖరు ముడి అంచు దగ్గర పడుతుంది. ఆ ముడి నిలిచినంతకాలం బట్ట నిలుస్తుంది. అది విప్పి కొస లాగితే వరసకి వరస జారిపోతుంది."

"మొత్తమా?"

"మొత్తం. ఎందుకడిగావ్?"

"ఊరికేనక్కా, తెలుసుకుందామని," అంది నరసాయమ్మ, తోక ఆడిస్తూ.

తొలిమంచు పడింది. తెల్లారీ తెల్లారకముందే నరసాయమ్మ కోటమ్మ బొరియ ముందు నిలబడింది.

"మరదలా, తయారయ్యావా? ఏదీ, వెనక్కి తిరుగు. వెనకవైపు ఎలా ఉందో నీకేం కనబడుతుంది? నేను చూసిపెడతా."

కోటమ్మ మురిసిపోయి తిరిగింది. నరసాయమ్మ అంచు తడిమింది. ముడి దొరికింది. పంటితో విప్పి, కొస పట్టి లాగింది. పచ్చ జారింది. ఒక వరస, ఇంకో వరస. నరసాయమ్మ గుండె తేలికపడుతోంది. ఇంతలో దారం టక్కున ఆగింది. గట్టిగా లాగింది. రాదే! పచ్చ అయిపోయి నీలం మొదలయ్యే చోట రెండు కొసలూ కలిపి వేసిన ముడి అల్లికలో బిగుసుకుపోయింది. ముక్కలతో అల్లిన బట్టకి లోపల ఎన్ని ముడులుంటాయో ముత్యాలక్క చెప్పలేదు, నరసాయమ్మ అడగలేదు.

నడుం దగ్గర పట్టి లాగినట్టయి కోటమ్మ మెడ తిప్పింది. వదిన కాలిగోళ్లకి పచ్చదారం చుట్టుకుని ఉంది.

"ఇదిగో, పోగు వేలాడుతుంటే సరిచేస్తున్నా," అంది నరసాయమ్మ.

కోటమ్మకి ఒక్క క్షణం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మరుక్షణం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎంత మంచిదానివి వదినా! నాకింత చేశావు, నీ కోటు నన్ను చూడనివ్వవూ? తిరుగు, వెనక ఆకులేవో అంటుకున్నాయి."

తన కోటుకి ఆకులంటితే నరసాయమ్మ ఊరుకుంటుందా? గిరుక్కున తిరిగింది. కోటమ్మ ఆకు దులిపినట్టే దులిపి, అంచు దగ్గర ముడి విప్పి, ఆ కొస తెచ్చి రేగుకంపకి గట్టిగా చుట్టేసింది. ఆపైన చెవులు బయలువైపు తిప్పి, "అదిగో వదినా, నాయుడు మావ రంకె! ముందొచ్చినవాళ్లని ముందు చూస్తానన్నాడు. పోనీ, నేను ఒక్క గెంతులో వెళ్లి..."

ఆ మాట పూర్తికాలేదు. కోటమ్మ తనకన్నా ముందు చేరడమా! నరసాయమ్మ దౌడు తీసింది.

పొదలు దాటింది, బండలు దాటింది. ఎంత పరిగెత్తితే అంత తేలిగ్గా ఉంది ఒళ్లు. 'కోటు బరువన్నదెవరు? దూదిలా ఉందే!' అనుకుంది. వీపుమీద చల్లగా గాలి తగిలితే, వేగం అలాంటిదని సంబరపడింది. బయల్లోకి దూకి, ఛాతీ విరుచుకుని, దాలినాయుడి ముందు నిలబడింది.

"చూడు మావా! ఇలాంటి కోటు ఈ కొండమీద ఉందా?"

దాలినాయుడు పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏదమ్మా ఆ కోటు?"

నరసాయమ్మ వంగి చూసుకుంది. మెడచుట్టూ ఎర్రటి పట్టీ ఒకటి మిగిలింది. అది తప్పించి ఒంటిమీద పోగు లేదు. వెనక, బండలమీదుగా పొదల మధ్యనుంచి, కోటమ్మ బొరియదాకా ఎర్రగీత గీసినట్టు దారం పరుచుకుని ఉంది.

ముంగిస నవ్వి నవ్వి వెల్లకిలా పడింది. "గొప్ప నెక్లెసు చేయించావే నరసాయమ్మా!" అంది దుప్పి.

అప్పుడొచ్చింది కోటమ్మ, ఎర్రదారాన్ని చేతులకి చుట్టుకుంటూ. "నా దారం వదిన లాగింది మావా, వదిన దారం నేను కంపకి కట్టాను. నాది నీలం దగ్గర ఆగింది. వదినది ఆగడానికి అతుకులు లేవు."

దాలినాయుడు అంచు పొట్టిదైన కార్డిగానుని చాలాసేపు చూసి, నిదానంగా తలూపాడు. ఆ చలికాలం కోటమ్మ పిల్లల్ని ఒళ్లో వేసుకుని వెచ్చబండలో కూర్చుంది.

మంచు ముదిరేసరికి నరసాయమ్మ పళ్లు టకటకలాడాయి. సిగ్గు పక్కనపెట్టి, ఆ ఎర్రదారం మోసుకుని ముత్యాలక్క గడప తొక్కింది. అప్పటికే కోటమ్మ అక్కడ కూర్చుని ఉంది.

"అల్లుతాలే," అంది ముత్యాలక్క. "దారమంతా మన్నూ ముళ్లూ. ముందు శుభ్రం చేసి ఉండలు చుట్టు. కోటమ్మా, కాస్త చెయ్యి వెయ్యి."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చుట్టారు. కోటమ్మ మన్ను దులిపి, ముళ్లు ఏరి చుడుతోంది. నరసాయమ్మ గజగజ వణుకుతూ, తన చేతిలోని ఉండ చూడడం మానేసి కోటమ్మ చేతిలోనిదే చూస్తోంది.

"ముత్యాలక్కా," అంది చివరికి ఉండబట్టలేక, "దాని ఉండ నాదానికంటే గుండ్రంగా వస్తోందేమిటి?"

ఎదుటివాళ్ల ఒంటిమీది అల్లిక ఊడదీసినంత మాత్రాన మన చలి తీరదు.