ఏమీ ఇవ్వనని మాటిచ్చిన రాజు

మేఘగిరి అనే ఒకానొక రాజ్యంలో రాజుగారి పేరు పలకడానికే ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆ పేరు అంత పొడవు మరి! ఉద్దండవర్మ అన్నది అందులో చివరి మాట మాత్రమే. దాని ముందు శత్రుమండల ప్రళయభైరవ మొదలుకొని దానకర్ణ దాకా బిరుదులు బారులు తీరి ఉండేవి. ప్రభువు సభలో అడుగు పెట్టినప్పుడల్లా వాటన్నిటినీ గుక్క తిప్పుకోకుండా చదవాలి. మధ్యలో ఊపిరి పీల్చుకున్నారో, ఆయన మొహం మాడిపోయేది.

ఆ చదివే మనిషి పేరిభట్టు. కుర్రవాడే. ఏరు సముద్రంలో కలిసేచోట పొన్నపాలెమని ఉంది, అక్కడివాడు. గొంతు కంచుగంట. పెళ్ళయిన కొత్తలోనే కొలువు దొరికింది. భార్య నాంచారు అతని మేనమామ కూతురే. మేనమామ పడవల మీద ఉప్పు ఎగుమతి చేసేవాడు. "అక్కడ ఇల్లు చూసుకుని నువ్వే స్వయంగా వచ్చి తీసుకెళ్ళు అల్లుడూ, అప్పుడే పిల్లను పంపుతా" అన్నాడాయన. "ఈ వేసవిలోనే వస్తా మామా" అన్నాడు పేరిభట్టు. నాంచారు రేవు దాకా వచ్చి, పడవ మలుపు తిరిగేదాకా నిలబడింది.

కొలువులో చేరిన మొదటి రోజే పేరిభట్టుకు తన చెవులు బోసిగా కనిపించాయి. అందరి చెవులకూ ముత్యాల పోగులు, అందరి భుజాలమీదా పట్టు. తనదేమో నేత పంచె. తోటివాళ్ళు నవ్వారో లేదో గాని, నవ్వినట్టే అనిపించింది. నేరుగా బొక్కసానికి వెళ్ళి అప్పు చేశాడు. పోగులు కొన్నాడు, పట్టు కొన్నాడు. పట్టు కట్టినవాడు నడిచి వెళ్తే బాగుండదని గుర్రాన్ని బాడుగకు మాట్లాడాడు. గుర్రం మీద తిరిగేవాడు స్నేహితులకు విందు చెయ్యకపోతే ఎలా? అదీ చేశాడు.

బొక్కసం అధికారి లింగప్ప అడిగినవాడికి అడిగినంత ఇచ్చేవాడు. డబ్బు గలగలలాడిస్తూ ఇచ్చేవాడు గాని వడ్డీ సంగతి మాత్రం గొణిగినట్టు చెప్పేవాడు. పేరిభట్టుకు అది వినిపించలేదు. వేసవి వచ్చి, సామాను సర్దుకుని కోట గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి కాపలావాళ్ళు బల్లెం అడ్డం పెట్టారు.

"బొక్కసానికి బాకీ ఉన్నవాళ్ళు గుమ్మం దాటకూడదు భట్టుగారూ. రాజాజ్ఞ."

మూట చేత్తో పట్టుకుని, అదే దారిన వెనక్కి వచ్చాడు.

పొన్నపాలెం నుంచి ఉప్పు పడవలు కోట కింద రేవుకు వచ్చేవి. సరంగు ఎర్రయ్య బస్తాలు దింపించి, కోట లోపలి ఉప్పు అంగడి దాకా వచ్చి నాంచారు కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. ఆమె చెప్పిన మాట పొల్లుపోకుండా చెప్పడం అతనికి అలవాటు.

"పెరట్లో మామిడి విరగ కాసిందట. ఒక కొమ్మ కాయలు ఎవర్నీ కొయ్యనివ్వలేదట, నువ్వొస్తావని."

ఆ తరువాతి సారి: "ఆ కొమ్మ కాయలు పండి రాలిపోయాయట. చీమలు తిన్నాయట. చీమలు నిన్ను మెచ్చుకున్నాయని చెప్పమంది."

పేరిభట్టు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. ఎర్రయ్య వెళ్ళాక కూడా ఉప్పు బస్తా మీద చెయ్యి వేసి నిలబడేవాడు. ఆ తడి ఉప్పు వాసన నాంచారు చేతుల వాసన. అంగడివాడు "ఏం భట్టుగారూ, ఉప్పు కావాలా?" అంటే ఉలిక్కిపడి చెయ్యి తీసేవాడు. సాయంత్రాలు కోట గోడ ఎక్కి ఏటిని చూసేవాడు. ఆ నీళ్ళు ఏ అడ్డూ లేకుండా పొన్నపాలెం పోతున్నాయి. తానే పోలేకపోతున్నాడు.

ఒక రోజు గోడ దిగి తిన్నగా లింగప్ప దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, ప్రతినెలా ఎంతో కొంత కడుతూనే ఉన్నాను. ఇంకా ఎంత ఉంది?"

"మొదట ఎంత ఉందో అంతా ఉంది" అన్నాడు లింగప్ప. "నువ్వు కట్టేది వడ్డీకే సరిపోతోంది నాయనా. అసలు కదల్లేదు."

పేరిభట్టు గుమ్మంలోనే కూర్చున్నాడు.

లింగప్ప అతన్ని కాసేపు చూశాడు. కరకు మనిషే గాని, ఎందుకో ఆ రోజు జాలి వేసింది. "జీతం అందగానే ముందు ఎవరికిస్తావు?"

"గుర్రం వాడికి. తరువాత చాకలికి, పూలవాడికి, విందు బాకీలకు. మిగిలింది తమకు."

"ఇకనుంచి ముందు నాకు ఇవ్వు. మిగిలినదాంతో బతుకు. బతకలేకపోతే ఏవి మానెయ్యాలో నీకే తెలుస్తుంది."

పేరిభట్టు అలాగే చేశాడు. మొదట గుర్రం పోయింది. ఎండలో నడిచి కొలువుకు వెళ్తుంటే నలుగురూ చూశారు. పోగులు అమ్మేసిన రోజున చెవులు తేలికై, అద్దంలో తన మొహం పొన్నపాలెంలో ఉన్నప్పటి మొహంలా కనిపించింది. పొద్దున పెళ్ళిళ్ళలో వంశావళులు చదివాడు, మధ్యాహ్నం వర్తకుల పిల్లలకు పద్యం చదవడం నేర్పాడు. విందులు మానేశాక స్నేహితులు తగ్గారు. అసలు కదలడం మొదలుపెట్టింది.

ఈ సంగతి రాజుగారి చెవిన పడింది. అప్పు తీరితే భట్టు వెళ్ళిపోతాడు. వెళ్ళిపోతే ఆ బిరుదులు ఎవరు చదువుతారు? అంతకుముందు ఒకడు సగంలో దగ్గి, ప్రళయభైరవుణ్ణి పరాయి దేశపు రాయబారుల ముందు నవ్వులపాలు చేశాడు. ఉద్దండవర్మ బాగా ఆలోచించి, నిండు సభలో పేరిభట్టుకు పట్టు పచ్చడం కప్పి సత్కరించాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. పేరిభట్టు ఒక్కడే లెక్కలు వేసుకున్నాడు. మేఘగిరిలో మర్యాద ఏమిటంటే, ప్రభువు సత్కరిస్తే అందుకున్నవాడు దానికి రెట్టింపు విలువైన కానుక ఆయన పాదాల దగ్గర పెట్టాలి. పైగా సభకంతా భోజనం పెట్టాలి. పెట్టకపోతే రాజును అవమానించినట్టు. మళ్ళీ బొక్కసమే గతి. కూడబెట్టి తీర్చినదంతా ఒక్క పూటలో పోయి, అప్పు మొదటికి వచ్చింది.

"ఈ వేసవికి కూడా రాలేను" అని కబురు పంపాడు. ఎర్రయ్య తిరిగి వచ్చినప్పుడు మొహం పక్కకు తిప్పుకుని చెప్పాడు.

"పెరట్లో చెట్టు ఈసారి కాయలేదట. ఈ చలికాలం లోపల నువ్వు రాకపోతే ఇంక కబురు పంపనంది."

"ఇంకేమీ అనలేదా?"

"అనలేదు బాబూ. రేవులో నిలబడలేదు కూడా. చెప్పేసి లోపలికి వెళ్ళిపోయింది."

పేరిభట్టు ఇంకా గట్టిగా పొదుపు చేశాడు. ఒంటిపూట తిన్నాడు. అప్పు సగానికి దిగే వేళకు పొరుగు రాజ్యం నుంచి రాయబారి వస్తున్నాడని కబురు వచ్చింది. ఆయన ముందు బిరుదులు చదివాక పేరిభట్టు చేతికి సింహం తలలు చెక్కిన బంగారు కంకణం తొడగాలని ప్రభువు నిశ్చయించాడు. లింగప్ప ఆ మాట అతని చెవిలో వేసి, "దానికి కానుకంటే నీ నడివయసు దాకా తీరదు" అని పెదవి విరిచాడు.

వద్దంటే చెర. పుచ్చుకుంటే గుమ్మం మూసుకుపోయినట్టే. పేరిభట్టు ఆ రోజంతా ఏటి వైపు చూడలేదు.

సభ నిండింది. రాయబారి ఉన్నతాసనం మీద కూర్చున్నాడు. ఉద్దండవర్మ మీసం దువ్వుతూ లోపలికి అడుగు పెట్టాడు. పేరిభట్టు గుండెల నిండా ఊపిరి తీసుకుని అందుకున్నాడు. శత్రుమండల ప్రళయభైరవా, గజయూథ మృగేంద్రా, సప్తకోటల సింహద్వారమా... బిరుదులు వడగళ్ళలా రాలుతున్నాయి. చివరికి "దాన" అని, అక్కడ ఆగిపోయాడు.

ప్రభువు ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలిచిపోయాడు.

"ఏం భట్టూ, ఊపిరి చాలలేదా?"

"ఊపిరి ఉంది మహాప్రభో. బిరుదు దగ్గర చిన్న సందేహం వచ్చింది. దానమంటే ఏమిటో సెలవియ్యండి."

"ఇంత చదివినవాడివి, అదీ తెలీదా?" ఉద్దండవర్మ రాయబారి వైపు చూస్తూ గొంతు పెంచాడు. "ఇచ్చి, తిరిగి ఏమీ ఆశించకపోవడం దానం."

"ఇచ్చి, ఆశించి, రెట్టింపు పుచ్చుకుంటే?"

"ఛీ! అది దానమెలా అవుతుంది? బేరం!"

పేరిభట్టు చేతులు జోడించాడు. "ఆ మధ్య ప్రభువులు నాకు పచ్చడం కప్పారు. నేను పాదాల దగ్గర పెట్టిన కానుకతో అలాంటి పచ్చడాలు రెండొస్తాయి. రాయబారిగారి ముందు అబద్ధం చెబితే మన కొలువుకు చెడ్డపేరు, నిజం చెబితే నా మెడకు ముప్పు. అందుకని దానకర్ణా అనాలో, బేరకర్ణా అనాలో తేల్చుకోలేక ఆగిపోయాను."

రాయబారి ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అయినా నవ్వు బయటికి తన్నుకొచ్చింది. ఉద్దండవర్మ చెవులు ఎర్రబడ్డాయి. బేరమన్న మాట తన నోటే వచ్చింది, ఇప్పుడు మింగడానికి లేదు. కాసేపు పళ్ళు కొరికి, తరువాత తల ఎగరేశాడు.

"నేను దానకర్ణుణ్ణో కాదో ఇప్పుడే చూడు. బొక్కసానికి నీ బాకీ అంతా మాఫీ! చదువు బిరుదు!"

పేరిభట్టు కళ్ళముందు కోట గుమ్మం తెరుచుకుంది. ఒక్క మాట చాలు. ఈ సాయంత్రమే పడవ ఎక్కొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. కళ్ళు మూసుకున్నాడు.

"దానికి ఏం కానుక పెట్టాలి ప్రభూ?"

"ఏమీ వద్దు."

"ఇవాళ వద్దంటారు. రేపు నేను ఊరికి సెలవడిగితే, 'ఇంత చేసిన నన్ను వదిలిపోతావా' అని ఒక్క మాటంటారు. ఆ మాటకు నేను గుమ్మం దాటలేను. డబ్బు బాకీ అయితే కడితే తీరుతుంది, దయకు బాకీ పడితే ఏం కట్టాలో నాకు తెలీదు. పైగా ఆ అప్పులో మొదటిది నా షోకుకు చేసింది. నా చెవులకు ముత్యాలు కావాలని ప్రభువులు అడగలేదు. అది నేనే తీర్చుకుంటాను."

"అయితే నీకేం కావాలి?" అన్నాడు రాజు, ఈసారి నిజంగా అర్థంకాక.

"ఇకమీదట నాకేమీ ఇవ్వనని మాటివ్వండి. పచ్చడం వద్దు, కంకణం వద్దు, మాఫీ వద్దు. నా జీతం మాత్రం నాకు చాలు."

ఉద్దండవర్మ సింహాసనం ఎక్కింది మొదలు అందరూ ఏదో ఒకటి ఇమ్మని అడిగినవాళ్ళే. ముందు మీసాలు కదిలాయి, తరువాత బొజ్జ కదిలింది, చివరికి సభ అదిరేలా నవ్వాడు.

"సరే పోరా! నీకేమీ ఇవ్వను. ఇదిగో, రాయబారి సాక్షిగా మాటిస్తున్నాను!"

"దానకర్ణా!" అని పేరిభట్టు ఎలుగెత్తాడు. ఇవ్వడం మానుకున్న పూట ఆ రాజుకు ఆ బిరుదు సరిగ్గా అతికింది.

అయినా అప్పు ఒక్క రోజులో తీరలేదు. చలికాలం వచ్చింది, వెళ్ళింది. ఉప్పు పడవలు వచ్చాయి. ఎర్రయ్య దూరం నుంచే తల అడ్డంగా ఊపేవాడు. చెప్పడానికి కబురు లేదు. పేరిభట్టు బస్తాల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. జీతం అందగానే లింగప్ప గదికి, అక్కణ్ణించి పెళ్ళివారిళ్ళకు, అక్కణ్ణించి పిల్లల చదువులకు తిరిగాడు. నాంచారు లోపలికి వెళ్ళిపోయిందన్న మాట ఎక్కడున్నా వెంటే ఉండేది. ఇంత కష్టపడి తీర్చి, గుమ్మం దాటి వెళ్తే, అక్కడ ఎవరున్నారు? అయినా కట్టాడు.

ఆఖరి నాణెం పెట్టినప్పుడు లింగప్ప దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "ఇంక ఈ గదికి రాకు" అన్నాడు. ఆయన అంత ప్రేమగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

రాజుగారు సెలవిచ్చేటప్పుడు రెండు చేతులూ చాపి చూపించాడు. "చూశావా? ఖాళీ! మాట తప్పలేదు." నవ్వుతూనే అన్నాడు గాని, కోట గుమ్మం దాకా కాలినడకన తానే వచ్చాడు. దానికి ఏ కానుకా పెట్టనక్కర్లేదు. ఆ రాజ్యంలో అంతటి సత్కారం అంతకుముందు ఎవరికీ జరగలేదు.

పడవ పొన్నపాలెం రేవుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. నాంచారు ఉప్పు రాశి దగ్గర గంపలకు ఎత్తుతోంది. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. అతన్ని చూసింది. చేస్తున్న పని ఆపలేదు.

పేరిభట్టు ఇసుకలో నిలబడ్డాడు. చెవులకు పోగులు లేవు, భుజాన పట్టు లేదు.

"ఏం తెచ్చావు బావా?" అంది, గంప మీంచి కళ్ళెత్తకుండా.

"ఏమీ తేలేదు నాంచారూ. కానీ ఎవరికీ దమ్మిడీ బాకీ లేను."

ఆమె చేతులు ఆగాయి. "నాకు?"

నిండు సభలో రాజు నోరు మూయించినవాడు ఈసారి తల వంచుకున్నాడు. ఆ మామిడి కాయలు, ఆ వేసవులు, రేవులో ఆమె నిలబడ్డ సాయంత్రాలు అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. "అది ఎలా తీర్చాలో నువ్వే చెప్పు" అన్నాడు.

నాంచారు అతని మొహంలోకి చూసింది. తరువాత గంపకు ఒక పక్క తాను పట్టుకుని, రెండో పక్క పట్టుకోమని కళ్ళతోనే చూపించింది.

"అది తీర్చకు" అంది. "తీరిపోతే మళ్ళీ వెళ్ళిపోతావు."