కడిగిన వేళ్ళు

“ఒకరిని పట్టుకుని బతికేవాళ్ళను విడదీసి, సొంత కాళ్ళ మీద నిలబెట్టడం తప్పవుతుందా గురువుగారూ?” అని అడిగాడు నరహరి. అతను నల్లమల అంచున చిన్న బడి నడిపే పంతులు. ప్రశ్న గట్టిగానే అడిగాడు గాని, చూపు నేల మీదే ఉంది. అవునన్నా కాదన్నా వినడానికి సిద్ధపడి వచ్చినవాడు అలా చూడడు.

ఏ ప్రశ్నకైనా సరే, అది ఎవరి గురించో తెలుసుకోనిదే విరూపాక్షయ్యగారు నోరు విప్పేవారు కారు. నరహరి చెప్పక తప్పలేదు. అతని బడిలో బయ్యమ్మ అని పదేళ్ళ చెంచు పిల్ల ఉంది. ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే తేల్చేస్తుంది. కాని అక్క పక్కన కూర్చుంటే తప్ప మాట్లాడదు. ఆ అక్కకేమో అక్షరం ముక్క రాదు. అందుకని చిన్నదాన్ని ఒక్కదాన్నే పట్నంలో హాస్టలుకు పంపాడు.

గురువుగారు తన సంగతి ఎత్తుకున్నారు.

“మా గురువుగారికి కొండ మీద గడ్డిలో పూసే ఒక ఎర్రపువ్వంటే ప్రాణం. ఏటా అదే దుబ్బు చిగురించేది, ఏటా కార్తికంలో ఆయన ఎక్కి చూసొచ్చేవారు. ఒక ఏడు ఆయనకు కాళ్ళు పడిపోయాయి. నేను వెళ్ళి ఆ మొక్కను తవ్వుకొచ్చాను. దాని వేళ్ళను గడ్డివేళ్ళు పెనవేసుకుని ఉన్నాయి. పాపం, ఎంత ఇరుకున బతికిందో అనుకున్నాను. ఒక్కొక్కటే తెంపి, వేళ్ళు శుభ్రంగా కడిగి, జల్లించిన మట్టి పోసి, ఆయన మంచానికి ఎదురుగా నాటాను.

“మొగ్గ విప్పిందా అని ఆయన రోజూ అడిగేవారు. తొమ్మిది రోజులు పచ్చగానే నిలబడింది. పదోనాటికి వాలిపోయింది. మందుమాకులు ఏరే ముసలమ్మ ఒకావిడను పిలిచి అడిగితే, చూసి, ‘ఇది సగం తిండి గడ్డి వేళ్ళలోంచే తాగుతాది అయ్యా. గడ్డిని యాడ పారేసినావు?’ అంది. మా గురువుగారు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ పువ్వు చూడకుండానే పోయారు. నలభై ఏళ్ళయింది, ఈ చేతులంటే నాకు ఇప్పటికీ కోపమే.”

నరహరి అప్పుడు మిగతాది చెప్పాడు. “హాస్టలు నుంచి కబురొచ్చిందండి. అన్నం తింటోందట, చెప్పింది రాస్తోందట, మాట మాత్రం లేదట. ఇక్కడ అక్క రోజూ వచ్చి బడి గుమ్మంలో కూర్చుంటోంది. మీరు వద్దంటారేమోనని, పంపాకే అడగడానికి వచ్చాను.”

“నేనూ అంతే నాయనా, కడిగాకే అడిగాను. పిల్ల వెళ్ళి ఎన్నాళ్ళయింది?”

“ఎనిమిది రోజులండి.”

గురువుగారు లేచి, దండెం మీది అతని కండువా తీసి చేతికిచ్చారు.

“పట్నానికి తెల్లవారి మొదటి బస్సుంది. ఒక్కడివే వెళ్ళకు.”