బండ చరిచిన ఎలుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవికొక సభ, ఆ సభకొక దిక్కుమాలిన ఆచారం.

సభలో ఏనుగు, పులి, ఎలుగుబంటి, అడవిదున్న నల్లబండ ఎక్కి కూర్చునేవి. ఆ నలుగురు పెద్దల్లో ఏ ఒక్కరు బండ చరిచినా, అడిగిన పని అక్కడితో ఆగిపోవాల్సిందే. ఎప్పుడో తమలో తాము కొట్టుకు చావకుండా పెట్టుకున్న కట్టుబాటది. చిన్నవాళ్లు చస్తే మాత్రం ఫరవాలేదన్నమాట!

ఒక ఎండాకాలం దిగువ లోయలో కార్చిచ్చు రేగింది. చుక్కి అనే దుప్పి సభకు పరుగున వచ్చింది. దాని పిల్ల కాలు విరిగి, లోయలోనే పడి ఉంది.

"ఏనుగు తాతా! మీ మంద వచ్చి నీళ్లు చల్లితే నా బిడ్డ బతుకుతుంది," అంది.

ఏనుగు లేవబోయింది. ఎలుగు టపీమని బండ చరిచింది. ఎందుకో తెలుసా పిల్లలూ? పొగకు తేనెటీగలు పారిపోతున్నాయి, లోయలో తేనెంతా దానికే! మూతికంటిన తేనె కూడా తుడుచుకోలేదు, సిగ్గులేని జన్మ!

"ఆచారం కదమ్మా, నేనేం చెయ్యను?" అని ఏనుగు మళ్లీ కూలబడింది.

మర్నాడు చుక్కి మళ్లీ వచ్చింది. అది మంటా, ఉత్త పొగా అని పెద్దలు పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. చివరికి ఎలుగు బండ చరిచింది.

మూడోసారి వచ్చేసరికి చుక్కి ఒళ్లంతా బూడిద.

"నీకు మా సానుభూతి," అంది దున్న.

"మేమూ విచారిస్తున్నాం," అంది పులి.

ఎలుగు బండ చరిచింది.

"మీ సానుభూతి పోస్తే మంటలారతాయా?" అని అరిచి చుక్కి లోయకు పరుగెత్తింది. అప్పటికే పిల్ల కాలిపోయింది.

అంతలో గాలి మళ్లింది. మంట ఎలుగు గుహను చుట్టుకుంది. లోపల దాని కూనలున్నాయి.

"ఏనుగన్నా, నీళ్లు! నా పిల్లలు!" అని ఎలుగు గుండెలు బాదుకుంది.

ఈసారి పులి బండ చరిచింది. మంటకు బెదిరిన జింకలు దాని నోటి ముందుకే వస్తున్నాయి మరి!

ఏనుగు తల దించుకుంది. అప్పుడే తిరిగొచ్చిన చుక్కికి ఒళ్లు మండిపోయింది.

"బండ దిగు తాతా! ఎవరి పిల్లలైనా పిల్లలే!"

ఏనుగు బండ దిగింది. మందను పిలిచి నీళ్లు చల్లించింది. కూనలు బతికాయి. ఆకాశమేమీ విరిగి పడలేదు.

"దిగడం ఇంత సులువని నిన్న తెలియలేదా తాతా?" అంది చుక్కి.



నీతి: ప్రాణం పోతుంటే ఆచారం పేరు చెప్పి ఊరుకున్నవాడికీ ఆ పాపంలో వాటా ఉంటుంది.