పువ్వులో కత్తి

వెనకటికి కొండల అంచున ఒక సంస్థానం ఉండేది. దాని రాజు వీరకేసరి భూపతి. ఆయనకి తన నీడమీద కూడా అనుమానమే. బియ్యపు కొట్టు తాళాలు సైతం తన నడుముకే కట్టుకు తిరిగేవారు.

ఒక మధ్యాహ్నం తెల్లదొర ఒకడు కోటలో విందారగించి, గుర్రమెక్కుతూ "ఫ్లరిష్" అని చెయ్యూపాడు. రేపు మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

"ఏమన్నాడు?" అని రాజుగారు దుబాసీ శోభనాద్రిని అడిగారు.

"వర్ధిల్లమని దీవించాడు ప్రభూ. లాటిన్ అనే పాతభాషలో పువ్వుకున్న పేరులోంచి పుట్టిన మాట. పూసిన చెట్టులా కళకళలాడమని."

"పూసింది రాలదా? ఇంకేం అర్థాలున్నాయి?"

శోభనాద్రికి అబద్ధం నోట రాదు. "సంతకం కింద లాగే వంకర గీతనీ అదే అంటారు. కత్తి ఝళిపించడాన్నీ అంటారు."

రాజుగారి మొహం మాడిపోయింది. "కత్తిని చివరిదాకా దాచావే. రేపు వాడికి కోట తలుపులు తియ్యరు. ఆ మాటలో కత్తి లేదని సభలో రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే నువ్వూ బయటే."

దొరని గుమ్మంలో నిలబెడితే సంస్థానమే ఊడుతుంది. ఆ బెంగతో ఇల్లు చేరిన శోభనాద్రికీ రాజుగారి అనుమానమే పట్టుకుంది. దొర చెయ్యి ఊపాడా, ఝళిపించాడా? కాసేపటికి తనని చూసి తనకే నవ్వొచ్చింది.

మర్నాడు సభలో, "ప్రభూ, మీ వంటవాడు కుట్రదారు" అన్నాడు.

రాజుగారు ముందుకి వంగారు. వంటవాడు గంగులుని లాక్కొచ్చారు.

"వీడు పొద్దున బియ్యం నిండుకున్నాయన్నాడు. వెళ్లి చూస్తే బాన ఖాళీ. నిండడమంటే ఖాళీ అవడమా? గుళ్లో పూజారేమో దీపం కొండెక్కిందన్నాడు. ఏ కొండ? అక్కణ్ణించి ఎవరికి సైగ?"

సభలో కొందరు మూతికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు.

"నీకు మతి పోయిందా శోభనాద్రీ?" అన్నారు రాజుగారు విసుగ్గా. "అయిపోయాయి, ఆరిపోయింది అనడానికి నోరు రాక అలా అంటారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకన్నారో చూస్తే తెలియదూ?"

"చిత్తం. మరి దొర ఎప్పుడన్నాడు? మీ ఇంట కడుపునిండా తిని, నవ్వుతూ అన్నాడు. కత్తి దూసేవాడు రెండో తాంబూలం అడిగి మరీ పట్టుకెళతాడా ప్రభూ?"

రాజుగారు అతని కళ్లలోకి చూశారు. వెతికిన మోసం దొరకలేదు. మెల్లగా మీసం కదిలింది. ఆపైన పొట్ట పట్టుకుని నవ్వారు. తలుపులు తియ్యమని చెప్పి, తన భుజం మీది శాలువా తీసి శోభనాద్రికి కప్పారు.

గంగులు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. "దొరగారొచ్చే వేళయింది. బియ్యం నిజంగానే నిండుకున్నాయి ప్రభూ."

రాజుగారు నడుముకి వేలాడే కొట్టు తాళాలు విప్పి వాడి చేతిలో పెట్టారు.